వెబ్‌సైటు ఫారానికి తాళం: ఉమ్మడిదా, సొంతమా?



ఈనాటి మన ప్రసంగ విషయం, వెబ్‌సైటులో నింపే ఫారాల భద్రత. ఇదేదో కంప్యూటరు చదువుకున్నవారికి సంబంధించిన సంగతి, మనకెందుకులే అని రేడియో కట్టేయకండి. అత్తిముగం, శూలగిరి, బేరిగె, బాగలూరు, వేపనపల్లె చుట్టుపక్కల సేద్యం చేసుకునే రైతుకూ, హోసూరు ఫ్యాక్టరీలో పనిచేసే కార్మికుడికీ, కాలేజీలో చేరబోయే అమ్మాయికీ, చిన్న అంగడి నడుపుకునే వ్యాపారికీ ఈ సంగతి ఇవాళ తప్పనిసరి అయింది.

ఒకప్పుడు ఏ అర్జీ పెట్టాలన్నా తాలూకా ఆఫీసుకు వెళ్ళేవాళ్ళం. ఫారం కొనుక్కుని, చదువు వచ్చినవారి చేత నింపించి, సంతకమో వేలిముద్రో పెట్టి, కిటికీలోంచి గుమాస్తా చేతికి ఇచ్చేవాళ్ళం. ఆ కాగితం మన చేతినుంచి ఆయన చేతికి వెళ్ళేది. మధ్యలో మూడో మనిషి లేడు. ఇవాళ పట్టా, చిట్టా నకలు కావాలన్నా, కరెంటు బిల్లు కట్టాలన్నా, రైలు టికెట్టు తీసుకోవాలన్నా, పిల్లల పరీక్షకు దరఖాస్తు పెట్టాలన్నా ఫోనులోనో, బ్రౌసింగ్ సెంటర్లోనో, ఈ-సేవై కేంద్రంలోనో ఫారం నింపుతున్నాం. పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, ఫోను నంబరు, రహస్య పదం అన్నీ గడుల్లో రాసి, కింద ఉన్న బటన్ నొక్కుతాం. నొక్కిన మరుక్షణం ఆ వివరాలు మన చేతిని దాటిపోతాయి. ఎక్కడికి పోతాయి? ఏ దారిన పోతాయి? దారిలో ఎవరు చూస్తారు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలుసుకోవడమే ఈనాటి మన పని.

ముందు దారి సంగతి చూద్దాం. మీ ఫోనునుంచి బయలుదేరిన ఫారం దగ్గరలోని టవరుకో, బ్రౌసింగ్ సెంటర్లోని చిన్న పెట్టెకో చేరుతుంది. అక్కడినుంచి ఇంటర్నెట్ సర్వీసు ఇచ్చే కంపెనీ యంత్రాలకు, వాటినుంచి మరికొన్ని యంత్రాలకు చేతులు మారుతూ, చివరికి వెబ్‌సైటు ఉన్న సర్వరు అనే కంప్యూటరుకు చేరుతుంది. ఆ సర్వరు బెంగళూరులో ఉండవచ్చు, ముంబాయిలో ఉండవచ్చు, అమెరికాలోనూ ఉండవచ్చు. మధ్యలో ఎన్నో మజిలీలు. వెబ్‌సైటు చిరునామా హెచ్.టి.టి.పి. అని మాత్రమే మొదలైతే, ఆ ఫారం పోస్టుకార్డులా ప్రయాణం చేస్తుందన్నమాట. దారిలో ఉన్న ఏ మజిలీలోనైనా, కావాలనుకున్నవాడు దాన్ని చదవగలడు. చదవడమే కాదు, దిద్దగలడు కూడా.

ఈ దిద్దడమన్నది చదవడంకంటే ప్రమాదకరం. మీరు బ్యాంకు ఖాతా నంబరు రాసి పంపారనుకోండి. దారిలో ఒకడు ఆ నంబరు తీసేసి తన నంబరు పెట్టాడనుకోండి. మీ పేరు సరిగ్గానే ఉంటుంది, ఊరు సరిగ్గానే ఉంటుంది, మొత్తం సరిగ్గానే ఉంటుంది. దుడ్లు మాత్రం వేరేవాడి ఖాతాలో పడతాయి.

దీనికి విరుగుడుగా వచ్చిందే ఎస్.ఎస్.ఎల్. అనే పద్ధతి. 1990లలో బ్రౌజరును తయారుచేసిన నెట్‌స్కేప్ అనే అమెరికా కంపెనీ దీన్ని రూపొందించింది. 1995లో రెండో రూపం, 1996లో మూడో రూపం బయటికి వచ్చాయి. 1999లో అంతర్జాతీయ సాంకేతిక నిపుణుల సంఘం దీన్ని తన చేతుల్లోకి తీసుకుని, టి.ఎల్.ఎస్. అని కొత్త పేరు పెట్టింది. పాత ఎస్.ఎస్.ఎల్. రూపాలలో లోపాలు బయటపడడంతో 2011లో రెండోదాన్నీ, 2015లో మూడోదాన్నీ వాడరాదని నిర్ణయించారు. ఇవాళ నడుస్తున్నవి 2008లో వచ్చిన టి.ఎల్.ఎస్. 1.2, 2018లో వచ్చిన 1.3 రూపాలు. అయినా జనం నోట ఎస్.ఎస్.ఎల్. అనే పేరే నిలిచిపోయింది. ఊరు పేరు మార్చినా బస్సు కండక్టరు పాత పేరే పిలిచినట్టన్నమాట. మనమూ ఈ ప్రసంగంలో అలాగే పిలుచుకుందాం.

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుంది? ఒక పోలిక చెబుతాను. ఒక వ్యాపారి తన దగ్గర చాలా తాళాలు చేయించుకున్నాడు. అన్నిటికీ ఒక్కటే తాళంచెవి. తాళాలన్నీ తెరిచి ఊరంతా పంచిపెట్టాడు. తాళంచెవిని మాత్రం మొలతాడుకు కట్టుకున్నాడు. ఇప్పుడు మీరు ఆయనకు ఏదైనా రహస్యంగా పంపాలంటే, పెట్టెలో పెట్టి ఆ తాళం నొక్కితే చాలు. నొక్కిన తరువాత మీరు కూడా దాన్ని తెరవలేరు. తెరవగలిగినవాడు ఆ వ్యాపారి ఒక్కడే. తాళాన్ని బహిరంగ కీలకం అంటారు, తాళంచెవిని రహస్య కీలకం అంటారు. 1976లో డిఫీ, హెల్‌మన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ ఆలోచనను లోకానికి ప్రకటించారు. 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అనే ముగ్గురు దాన్ని గణితంలో చేసి చూపించారు.

ఇది స్థూలంగా చెప్పిన పోలిక. ఈనాటి పద్ధతిలో మీ ఫోనూ, అవతలి సర్వరూ కలిసి ఆ ఒక్క పూటకు మాత్రమే పనికివచ్చే ఒక రహస్య సంఖ్యను తయారుచేసుకుంటాయి. తాను నిజంగా ఫలానా సర్వరునేనని రుజువు చేయడానికి సర్వరు తన రహస్య కీలకంతో సంతకం పెడుతుంది. ఇదంతా రెప్పపాటు కాలంలో జరిగిపోతుంది. ఆ తరువాత మీరు పంపే ప్రతి అక్షరమూ ఆ సంఖ్యతో గుప్తలిపిగా మారి వెళుతుంది. దారిలో ఎవడైనా ఒక్క అక్షరం దిద్దినా అవతల పట్టుబడిపోతుంది.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఊళ్ళో తాళాలు పంచినవాడు నిజంగా ఆ వ్యాపారేనా? ఎవడో దొంగ తన తాళం తెచ్చి, ఇది ఫలానా వ్యాపారిది అని మన చేతిలో పెడితే? మనం జాగ్రత్తగా తాళం వేసి, నేరుగా దొంగకే పంపినట్టవుతుంది కదా. అందుకే నడుమ ఒక సాక్షి కావాలి. మన సర్టిఫికెట్టు నకలు మీద గెజిటెడ్ అధికారి సంతకం చేసి ముద్ర వేస్తాడే, అలాగన్నమాట. ఈ తాళం ఈ పేరుగల వెబ్‌సైటుదే అని ఒక సంస్థ సంతకం చేసి ఇచ్చే పత్రమే ఎస్.ఎస్.ఎల్. సర్టిఫికెట్టు. అలా ఇచ్చే సంస్థలను ధ్రువీకరణ సంస్థలు అంటారు. ఎవరి సంతకాన్ని నమ్మాలో చెప్పే జాబితా మీ ఫోనులో, బ్రౌజరులో ముందే ఉంటుంది.

ఇక ఉమ్మడి సర్టిఫికెట్టు, సొంత సర్టిఫికెట్టు సంగతికి వద్దాం. ఒక ఉదాహరణ తీసుకుందాం. అత్తిముగం పక్కన నలుగురు యువకులు కలిసి పాలీహౌసులో గులాబీలు, క్యాప్సికం పండిస్తున్నారనుకుందాం. బెంగళూరు అంగళ్ళవారినుంచి నేరుగా ఆర్డర్లు తీసుకోవడానికి తమ తోట పేరుతో ఒక వెబ్‌సైటు పెట్టారు. అందులో రెండు ఫారాలు. ఒకటి, కొనేవారు ఆర్డరు ఇచ్చేది. రెండోది, చుట్టుపక్కల రైతులు తమ సరుకు అమ్మడానికి పేరు నమోదు చేసుకునేది. ఈ రెండో ఫారంలో బ్యాంకు ఖాతా నంబరు అడుగుతారు, దుడ్లు పంపాలి గనుక.

ఈ యువకులకు సొంత సర్వరు ఉండదు. హోస్టింగ్ కంపెనీ అని ఒకటి ఉంటుంది. అది పెద్ద కాంప్లెక్సు కట్టి గదులు బాడుగకిచ్చినట్టు, ఒకే సర్వరులో వందల వెబ్‌సైట్లకు చోటు ఇస్తుంది. పాతకాలంలో ఒక ఇంటర్నెట్ నంబరుకు ఒక సర్టిఫికెట్టు మాత్రమే పెట్టే వీలుండేది. సొంత సర్టిఫికెట్టు కావాలంటే దానికి వేరే ధర, దానికోసం ప్రత్యేక నంబరుకు మరో ధర కట్టాలి. చిన్న వ్యాపారి అంత భరించలేడు. అందుకని హోస్టింగ్ కంపెనీలు ఒక ఉపాయం చేశాయి. కంపెనీ తన పేరు మీద ఒక సర్టిఫికెట్టు తీసుకుని, బాడుగదార్లందరినీ దాన్నే వాడుకోమంది. ఇదే ఉమ్మడి సర్టిఫికెట్టు.

దీనిలో గుప్తలిపికి లోటు లేదు. దారిలో ఎవరూ చదవలేరు. లోటంతా పేరులో ఉంది. సర్టిఫికెట్టు కంపెనీ పేరు మీద ఉంది గనుక, ఫారం కూడా కంపెనీ పేరుగల చిరునామాలోనే తెరుచుకోవాలి. తోట పేరు చూసి వచ్చిన రైతు, ఫారం దగ్గరికి వచ్చేసరికి పైన చిరునామాలో తనకు తెలియని మరో పేరు కనబడుతుంది. తెలివైనవాడైతే ఇదేదో మోసం అని వెనక్కి పోతాడు. తెలియనివాడైతే, చిరునామా మారినా ఫరవాలేదు అనే అలవాటు నేర్చుకుంటాడు. రేపు నిజంగానే ఒక దొంగ తనను వేరే చిరునామాకు లాక్కుపోతే, ఆ అలవాటు చొప్పునే ఖాతా నంబరు రాసి ఇచ్చేస్తాడు. అందువల్ల ఉమ్మడి సర్టిఫికెట్టు దారిని కాపాడింది కాని, మనిషి జాగ్రత్తను చెడగొట్టింది.

పోనీ, ఉమ్మడి సర్టిఫికెట్టునే ఉంచి తోట పేరుగల చిరునామాలో ఫారం తెరిస్తే? పేరు ఒకటి, పత్రం మరొకటి అయినందువల్ల బ్రౌజరు పెద్ద హెచ్చరిక చూపి నిలబెట్టేస్తుంది. రేషన్ కార్డు పక్కింటివారిది తెచ్చి మన పేరు చెబితే అంగట్లో సరుకు ఇస్తారా? అలాగే.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఒకే చిరునామా కింద వందమంది బాడుగదార్లు ఉంటే, బ్రౌజరు దృష్టిలో వారంతా ఒకే ఇంటివారు. గదికీ గదికీ నడుమ గోడ లేని ఇల్లన్నమాట. పక్క బాడుగదారు చెడ్డవాడైతే, వాడి పేజీలో పెట్టిన ప్రోగ్రాము మన పేజీలోని వివరాలను తొంగిచూసే వీలుంటుంది.

సొంత సర్టిఫికెట్టు అంటే తోట పేరు మీదే తీసుకున్న పత్రం. మొదటి పేజీనుంచి ఫారం చివరి బటన్ దాకా ఒకటే పేరు కనబడుతుంది. పేరు మారిందంటే ఏదో తేడా ఉందని ఎవరైనా పసిగట్టవచ్చు.

శ్రోతలారా, ఇక్కడ మంచి వార్త ఏమిటంటే, ఖర్చు అనే అడ్డు ఇప్పుడు తొలగిపోయింది. ఒకే నంబరు మీద ఎన్ని పేర్లకైనా వేరువేరు సర్టిఫికెట్లు పెట్టుకునే పద్ధతిని 2003లోనే రూపొందించారు. పాత విండోస్ ఎక్స్‌పి కంప్యూటర్లలోని ఎక్స్‌ప్లోరర్ బ్రౌజరుకు ఆ పద్ధతి తెలియకపోవడం వల్ల అది వాడుకలోకి రావడం ఆలస్యమైంది. 2014లో ఎక్స్‌పి కి కంపెనీ మద్దతు ఆగిపోయాక ఆ చిక్కు తగ్గుతూ వచ్చింది. 2015 డిసెంబరులో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్షలేని సేవ అందరికీ ఉచితంగా సర్టిఫికెట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఉచితం గనుక తాళం మెత్తనిదేమో అని అనుమానించనక్కరలేదు. గుప్తలిపి బలం, దుడ్లు పెట్టి కొన్నదానికీ దీనికీ ఒకటే. కొన్న పత్రాలలో కొన్నిటికి కంపెనీ రిజిస్ట్రేషను వగైరా కూడా విచారించి ఇస్తారు. తేడా ఆ విచారణలోనే ఉంది.

కనుక ఇవాళ ఎవరైనా వెబ్‌సైటు పెట్టించుకుంటూ ఉంటే, హోస్టింగ్ వారిని మొదట అడగవలసిన మాట ఇది: మా పేరు మీదే సర్టిఫికెట్టు ఇస్తారా, గడువు తీరకముందే దానంతట అది కొత్తదయ్యే ఏర్పాటు ఉందా? ఈ రెండో మాట చాలా ముఖ్యం. ఒకప్పుడు సర్టిఫికెట్టు కొన్ని ఏళ్ళు చెల్లేది. 2020 సెప్టెంబరునుంచి గరిష్ఠంగా 398 రోజులు చేశారు. 2026 మార్చి 15 నుంచి 200 రోజులనీ, 2027 మార్చి 15 నుంచి 100 రోజులనీ, 2029 మార్చి 15 నుంచి 47 రోజులనీ బ్రౌజరు కంపెనీలు, ధ్రువీకరణ సంస్థలు కలిసి 2025 ఏప్రిల్‌లో తీర్మానించాయి. నెలన్నరకోసారి మనిషి గుర్తుపెట్టుకుని చేసే పని కాదిది. యంత్రానికే అప్పజెప్పాలి.

ఇప్పుడు సాక్షి సంగతి కొంచెం విచారిద్దాం. సంతకం చేసేవాడే తప్పు చేస్తే ఎలా? ఇలాంటివి జరిగాయి. 2011లో హాలెండు దేశంలోని డిజినోటార్ అనే ధ్రువీకరణ సంస్థలోకి దుండగులు చొరబడి, గూగుల్ పేరు మీద దొంగ సర్టిఫికెట్టు పుట్టించారు. దానితో ఇరాన్ దేశంలోని వారి మెయిళ్ళ మీద నిఘా పెట్టినట్టు బయటపడింది. ఆ సంస్థ ఆ ఏడాదే దివాలా తీసింది.

మన దేశంలోనూ ఒక సంఘటన ఉంది. మనకు 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం ఉంది. అది ఆ ఏడాది అక్టోబరు 17న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ధ్రువీకరణ సంస్థలకు లైసెన్సు ఇచ్చే ఒక కంట్రోలరు ఉంటారు. 2014 జూలైలో, కేంద్ర ప్రభుత్వపు నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ ధ్రువీకరణ విభాగం ద్వారా, గూగుల్‌కు చెందిన కొన్ని పేర్ల మీద అనధికార సర్టిఫికెట్లు వెలువడినట్టు గూగుల్ కనిపెట్టింది. కంట్రోలరు వెంటనే ఆ విభాగపు ధ్రువపత్రాలను రద్దుచేశారు. ఆ తరువాత గూగుల్ తన బ్రౌజరులో, భారత కంట్రోలరు కింది సంతకాలను కొన్ని ప్రభుత్వ, విద్యాసంస్థల పేర్లకూ, మరికొన్ని ఎంపిక చేసిన పేర్లకూ మాత్రమే పరిమితం చేసింది. ఒక్క సంతకం దారి తప్పితే దేశం పరువుకే మచ్చ వస్తుందని ఆనాడు తెలిసింది.

ఇలాంటివి మళ్ళీ రహస్యంగా జరగకుండా ఒక మంచి ఏర్పాటు చేశారు. 2018 ఏప్రిల్ తరువాత ఇచ్చే సర్టిఫికెట్లన్నీ అందరూ చూడగలిగిన బహిరంగ చిట్టాలలో నమోదు కావాలని క్రోమ్ బ్రౌజరు పట్టుబట్టింది. మీ వెబ్‌సైటు పేరు మీద ఎవరైనా దొంగచాటుగా పత్రం తీసుకుంటే, ఆ చిట్టా చూసి మీరు కనిపెట్టవచ్చు.

మన తెలుగు నేలకు ఈ విషయంలో ఒక పాత్ర ఉంది. 1996లో రిజర్వు బ్యాంకు హైదరాబాదులో బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధనకు ఒక సంస్థను స్థాపించింది. ఐ.డి.ఆర్.బి.టి. అని పొడి అక్షరాలతో పిలుస్తారు. బ్యాంకులకు డిజిటల్ ధ్రువపత్రాలు ఇచ్చే లైసెన్సు పొందిన సంస్థ అది. ఇటీవల దానికి మరో బాధ్యత వచ్చింది. బ్యాంకుల పేరుతో దొంగ వెబ్‌సైట్లు పుట్టుకొస్తున్నాయని, బ్యాంకులన్నీ తమ వెబ్‌సైటు పేరు చివర బ్యాంక్ డాట్ ఇన్ అని ఉండేలా మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో ఆదేశించింది. అక్టోబరు 31 లోగా పూర్తిచేయాలని గడువు పెట్టింది. ఆ చివరి మాటను బ్యాంకులకు కేటాయించే పని ఒక్క ఐ.డి.ఆర్.బి.టి.దే. కనుక మీ బ్యాంకు పేజీలో ఏదైనా ఫారం నింపేముందు, చిరునామాలో మొదటి ఏటవాలు గీతకు ముందున్న పేరు బ్యాంక్ డాట్ ఇన్ అని ముగుస్తుందా అని చూసుకోండి. ప్రభుత్వ వెబ్‌సైట్లకైతే గవ్ డాట్ ఇన్ అనో, నిక్ డాట్ ఇన్ అనో సాధారణంగా ముగుస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే ఒక సంగతి చెప్పాలి. చిరునామా మొదట హెచ్.టి.టి.పి.ఎస్. అని ఉంటే, అంటే చివర ఎస్ అనే అక్షరం ఉంటే, దారి భద్రంగా ఉందని అర్థం. అవతలివాడు మంచివాడని అర్థం కాదు. దొంగ కూడా తన దొంగ వెబ్‌సైటు పేరు మీద ఉచితంగా సర్టిఫికెట్టు తెచ్చుకోగలడు. దొంగ ఇంటికి కూడా మంచి తారురోడ్డు ఉండవచ్చు కదా. ఒకప్పుడు బ్రౌజరులో తాళం బొమ్మ చూపించేవారు. తాళం ఉంటే అంతా క్షేమమే అని జనం అపార్థం చేసుకుంటున్నారని, 2023 సెప్టెంబరులో క్రోమ్ ఆ బొమ్మను తీసేసి వేరే గుర్తు పెట్టింది. తాళంలేని పేజీలకు మాత్రం సురక్షితం కాదు అనే ఇంగ్లీషు మాట, నాట్ సెక్యూర్ అని, 2018 జూలైనుంచి చూపుతున్నది. ఆ మాట కనబడితే ఆ పేజీలో ఒక్క అక్షరం కూడా నింపకండి.

కాబట్టి రెండు చూడాలి. ఎస్ అక్షరం ఉందా, పేరు సరైనదేనా. పేరును ఎడమనుంచి కాదు, కుడినుంచి చదవాలి. బ్యాంకు పేరు మొదట్లో ఉండి, చివర ఏదో ఊరూ పేరూ లేని మాట ఉంటే అది బ్యాంకుది కాదు. ఇంగ్లీషులో ఆర్, ఎన్ అనే రెండు అక్షరాలు పక్కపక్కన పెడితే చిన్న ఎమ్‌లా కనబడతాయి. ఎల్ అక్షరమూ ఒకటి అంకే ఒకటిలాగే ఉంటాయి. మోసగాళ్ళు వీటితో ఆడుకుంటారు.

మన సరిహద్దు ప్రాంతంలో దీనికి మరో చిక్కు తోడైంది. మన ఇంట మాట్లాడేది తెలుగు. ఫారం ఉండేది అరవంలో, లేదా ఇంగ్లీషులో. బెంగళూరు పనికైతే కన్నడంలో. చదవలేక బ్రౌసింగ్ సెంటర్లో కూర్చున్న అబ్బాయి చేతికి ఫోను, ఆధార్ కార్డు, పాసుపుస్తకం అన్నీ ఇచ్చేసి, నువ్వే నింపునాయనా అంటాం. ఇక్కడ సర్టిఫికెట్టు ఏమీ చేయలేదు. అది కాపాడేది ఫోనునుంచి సర్వరు దాకా ఉన్న దారిని మాత్రమే. పక్కన కూర్చున్న మనిషి కన్నును అది మూయలేదు. నింపేవారిలో చాలామంది మంచివారే. అయినా జాగ్రత్త జాగ్రత్తే. రహస్య పదం మీరే నొక్కండి. ఓ.టి.పి. వచ్చినప్పుడు, ఆ సందేశం ఎందుకు వచ్చిందో ఇంట్లో చదివే పిల్లల చేత చదివించి, అర్థం తెలుసుకున్నాకే నొక్కండి. పని ముగిశాక పేజీనుంచి లాగౌట్ చేయించండి. అక్కడి కంప్యూటరులో దించిన మీ ఆధార్ నకలు తీసివేయమని నిలబడి అడగండి. అడగడంలో నామోషీ లేదు.

ఇప్పుడు వెబ్‌సైటు నడిపేవారికి, నడపాలనుకునే యువతకు నాలుగు మాటలు.

మొదటిది. ఫారం ఒక్కదానికే తాళం వేస్తే చాలదు. మొదటి పేజీనుంచి అన్నిటికీ వేయాలి. ఫారం పేజీ తాళంలేని దారిలో వచ్చి, పంపే బటన్ మాత్రం తాళమున్న దారికి పోతే ఏమవుతుంది? దారిలోనివాడు మీ ఫారాన్నే మార్చి, బటన్ నొక్కితే తన ఇంటికి వచ్చేలా చేయగలడు. ఎవరైనా తాళంలేని చిరునామాతో వచ్చినా, తాళమున్నదానికి దానంతట అదే మళ్ళేటట్టు పెట్టాలి.

రెండోది. ఫారంలోని వివరాలు చిరునామాలో కనబడేలా పంపకూడదు. గెట్ అనే పద్ధతిలో పంపితే, నింపినవన్నీ చిరునామా వెనుక అతుక్కుని బ్రౌజరు చరిత్రలో, సర్వరు చిట్టాలో మిగిలిపోతాయి. పోస్ట్ అనే పద్ధతి వాడాలి.

మూడోది చాలామంది మరచిపోయేది. ఫారం తాళం వేసుకుని సర్వరుకు భద్రంగా చేరింది. అక్కడి ప్రోగ్రాము ఏం చేస్తుంది? చాలా చిన్న వెబ్‌సైట్లలో, ఆ వివరాలను మామూలు ఈమెయిలుగా యజమానికి పంపుతుంది. ఆ మెయిలు చివరిదాకా గుప్తలిపిలోనే వెళుతుందని నమ్మకం లేదు. చేరాక కూడా యజమాని ఫోనులో, గుమాస్తా ఫోనులో ఏళ్ళతరబడి పడి ఉంటుంది. లక్క ముద్ర వేసిన కవరు తెప్పించుకుని, దాన్ని చించి, లోపలి ఉత్తరాన్ని పోస్టుకార్డు మీద నకలు రాసి మళ్ళీ పోస్టు చేసినట్టు ఉంటుందది. మెయిలులో కొత్త ఆర్డరు వచ్చింది అని మాత్రమే రావాలి. వివరాలు చూడాలంటే తాళమున్న పేజీలోకి రహస్య పదంతో వెళ్ళి చూసుకోవాలి.

నాలుగోది. అవసరం లేనిది అడగకండి. గులాబీలు అమ్మేవారికి ఆధార్ నంబరు ఎందుకు? దగ్గర లేని వివరం దొంగతనం కాదు. కార్డు నంబర్లు మీరు తీసుకోనేవద్దు, ఆ పని పేమెంటు గేట్‌వే సంస్థలకు వదిలేయండి. 2022 అక్టోబరునుంచి వ్యాపారులు కొనుగోలుదార్ల కార్డు వివరాలు దాచుకోకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన కూడా ఉంది. 2023లో పార్లమెంటు వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం చేసింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడి, దశలవారీగా అమలవుతున్నాయి. ఇతరుల వివరాలు తీసుకుని తగిన భద్రత చేయనివారికి 250 కోట్ల రూపాయలదాకా జరిమానా వేసే అధికారం ఆ చట్టంలో ఉంది. చిన్న వ్యాపారికి అంత పడుతుందని కాదు. ఇతరుల వివరం మన దగ్గర ఉందంటే అది అప్పు తెచ్చిన సొమ్ములాంటిదని ఆ చట్టం చెబుతున్నది.

రహస్య కీలకం సంగతి కూడా చెప్పి ముగిస్తాను. సొంత సర్టిఫికెట్టు తీసుకున్నారంటే తాళంచెవి మీ పూచీ. వెబ్‌సైటు చేసిపెట్టిన కుర్రవాడు దాన్ని మెయిలులో పంపుకోవడం, పెన్‌డ్రైవులో వేసుకుని తిరగడం చేయనివ్వకండి. పోయిందని అనుమానం వస్తే, ఆ సర్టిఫికెట్టును రద్దుచేయించి కొత్త కీలకంతో కొత్తది తీసుకోండి. ఇంటి తాళంచెవి పోతే తాళం మార్చమా?

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఎప్పుడైనా మోసం జరిగి ఖాతాలోంచి దుడ్లు పోయాయనుకోండి. సిగ్గుపడి ఊరుకోకండి. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. దేశమంతటికీ సైబరు మోసాల ఫిర్యాదు నంబరు అదే. మీ బ్యాంకుకూ చెప్పండి. ఎంత తొందరగా చెబితే దుడ్లు దారిలోనే ఆపడానికి అంత వీలుంటుంది.

పొలానికి కంచె వేస్తాం, ఇంటికి తలుపు పెడతాం, సంతలో దుడ్లు లెక్కపెట్టి తీసుకుంటాం. ఫారం నింపేటప్పుడు కూడా ఆ పాటి చూపు చాలు. ఎస్ అక్షరం చూడండి, పేరు కుడినుంచి చదవండి, అవసరానికి మించి రాయకండి. వెబ్‌సైటు మీదే అయితే, మీ పేరు మీదే తాళం పెట్టించండి. నమ్మి ఖాతా నంబరు రాసిచ్చిన పక్క ఊరి రైతుకు మీరు చేయగలిగిన మొదటి మర్యాద అది.